ఎర్రచందనం జాతిని నిలబెట్టడం: తల్లిచెట్టు ఎంపిక నుంచి చేవ పట్టేదాకా

ఎర్రచందనం మొక్కకు ఇప్పుడు కరువు లేదు. కడియం నర్సరీల్లో దొరుకుతుంది, సంతల్లో దొరుకుతుంది, పొలం గట్ల మీద వరసలు వరసలుగా కనిపిస్తుంది. అయినా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్రజాబితాలో ఈ చెట్టు అంతరించే ముప్పున్న జాతుల్లోనే ఉంది. కొండల్లో మంచి విత్తనమిచ్చే తల్లిచెట్లు పోతుండటమే దీనికి కారణం. దొంగ గొడ్డలి పడేది తిన్నగా, లావుగా, చేవ (మాను లోపలి ముదురు ఎర్ర చెక్క) నిండి ఉన్న చెట్టు మీదే. వంకరవి, గుల్లవి, చేవ పట్టనివి మిగిలిపోతాయి. తర్వాతి తరానికి విత్తనం వాటి నుంచే రాలుతుంది. ఇలా కొన్ని తరాలు సాగితే చెట్ల లెక్క తగ్గకపోయినా జాతి సత్తా తగ్గిపోతుంది.

అందుకని ఈ మార్గదర్శిలో మొక్క నాటడం కంటే ముందు విత్తనం సంగతి చెబుతాను. రాయలసీమలోనో, నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్ట ప్రాంతంలోనో కొంత భూమి ఉన్న రైతులు, వన సంరక్షణ సమితులు, ఖాళీ స్థలం ఉన్న కాలేజీలు, దేవాలయాలు దీన్ని అమల్లో పెట్టవచ్చు. ఎకరాకు ఇన్ని కోట్లు వస్తాయనే లెక్క కోసం చదువుతున్నవారికి ఇందులో ఆ లెక్క దొరకదు.

చెట్టు పుట్టిల్లు తెలుసుకోండి

ఎర్రచందనం సహజంగా పెరిగేది దాదాపు తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ కొండలు దీని ఇల్లు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 5 వేల చదరపు కిలోమీటర్ల అడవిలో విస్తరించి ఉంది. సముద్రమట్టానికి 150 నుంచి 900 మీటర్ల ఎత్తులో, మట్టి కంటే రాయి ఎక్కువున్న ఏటవాలు నేలల్లో, పలకరాళ్ల సందుల్లో వేళ్లు దించి బతుకుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడిపే చోటు కావాలి. నీరు మాత్రం ఒక్క పూట కూడా నిలవకూడదు.

అక్కడ దాని చుట్టూ పెరిగే చెట్లను కూడా చూడండి. చిరిమాను, బిళ్ళు, నారేపి, తెల్లకరక, మొగి, జాలారి, కొండసాంబ్రాణి ఉంటాయి. వీటిలో కొన్ని ఈ కొండలు దాటితే కనిపించడమే అరుదు. శేషాచలాన్ని 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది ఇలాంటి సంపద మొత్తాన్ని చూసే. ఎర్రచందనాన్ని కాపాడటమంటే ఆ చుట్టుపక్కల చెట్లను కూడా కాపాడటమేనని నా నమ్మకం. ఒక్క జాతినే వరసలుగా పెట్టిన తోట అడవి కాదు.

ముందు గుర్తుపట్టడం

నర్సరీల్లో పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి. ఎర్రచందనం ఆకు రెమ్మలో సాధారణంగా మూడు ఆకులు ఉంటాయి, ఎప్పుడో అరుదుగా ఐదు. ఆకు గుండ్రంగా, కొన దగ్గర చిన్న నొక్కుతో ఉంటుంది. దాని అన్నదమ్ముడి లాంటి పెద్దేగి చెట్టుకు ఐదు నుంచి ఏడు ఆకులు. రెండింటి కాయలూ రెక్క ఉన్న బిళ్లల్లాగే ఉంటాయి కాబట్టి, కాయను మాత్రమే చూసి కొంటే మోసపోతారు. బండి గురివింద అనే ఇంకో చెట్టు చెక్కను కూడా రక్తచందనం పేరుతో అమ్మేవాళ్లు ఉన్నారు. ఎర్రటి నున్నని గింజలు రాలే ఆ చెట్టుకూ దీనికీ సంబంధం లేదు.

ముదురు చెట్టును బెరడు చూసి చెప్పేయవచ్చు. నలుపు కలిసిన గోధుమరంగులో, లోతైన పగుళ్లతో, మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది. బెరడుకు గాయమైతే ఎర్రటి జిగురు కారుతుంది. ఈ మాట తెలుసుకోవడానికే చెప్తున్నాను, గాయం చేసి పరీక్షించడానికి కాదు.

శ్రీగంధంతో కలిపేసి చూడటం కూడా మామూలే. శ్రీగంధానికి సువాసన ఉంది, ఎర్రచందనం చేవకు ఆ వాసన లేదు, రంగే దాని విలువ. శ్రీగంధం పక్క మొక్కల వేళ్ల నుంచి ఆహారం లాక్కుంటుంది కాబట్టి తోడు మొక్క తప్పనిసరి. ఎర్రచందనం చిక్కుడు కుటుంబానికి చెందిన చెట్టు, తన కాళ్ల మీద తను బతుకుతుంది. 'తోడు మొక్క లేకపోతే చనిపోతుంది' అని ఎవరైనా చెబితే వాళ్లు వేరే చెట్టు గురించి మాట్లాడుతున్నారని అర్థం.

తల్లిచెట్లను ఎంచుకోవడం

రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కాయ ఏరడం కూడా నేరమే. అందుకని మొదటి పని జిల్లా అటవీ అధికారికి అర్జీ పెట్టడం. ఎందుకు కావాలో, ఎన్ని కిలోలు కావాలో, ఎక్కడ నాటుతారో రాయండి. అటవీశాఖ పరిశోధన విభాగం దగ్గర ఎంపిక చేసిన చెట్ల విత్తనం ఉంటే అదే అడగడం మేలు. అది కుదరకపోతే ఊళ్లలో, గుడి ఆవరణల్లో, పాత పట్టా భూముల్లో ఉన్న ముదురు చెట్లను వెతకండి.

ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి:

- మాను తిన్నగా, మొదటి కొమ్మ ఎత్తులో, కొమ్మల పందిరి నిండుగా ఉండాలి. పుచ్చు, తొర్ర ఉండకూడదు.
- మరీ లేతది, మరీ ముసలిది వద్దు.
- ఒంటరి చెట్టును వదిలేయండి. పసుపు పూలు వేసవి ఎండల్లో ఒక్కసారిగా విరగబూస్తాయి, తేనెటీగలు పుప్పొడి మోస్తాయి. చుట్టుపక్కల వేరే ఎర్రచందనం లేకపోతే చెట్టు సొంత పుప్పొడితో కాయ నిలిచేది తక్కువ, నిలిచినా తాలు ఎక్కువ.
- ఒక చెట్టుకూ ఇంకో చెట్టుకూ కనీసం 50 నుంచి 100 మీటర్ల దూరం ఉండేలా చూడండి. పక్కపక్క చెట్లు అక్కచెల్లెళ్లు అయి ఉండే అవకాశం ఎక్కువ.

ఎన్ని చెట్ల నుంచి సేకరించాలి? పాతిక, ముప్ఫై చెట్ల నుంచి తీసుకుంటే జాతిలోని వైవిధ్యం చాలావరకు మీ సంచిలోకి వస్తుంది. ఒకే ఒక్క గొప్ప చెట్టు నుంచి పది కిలోలు కోయడం కంటే, పాతిక మంచి చెట్ల నుంచి తలా కొంచెం తీసుకోవడం వెయ్యిరెట్లు నయం. మొత్తం మార్గదర్శిలో ఒక్క ముక్కే పాటించగలిగితే ఇది పాటించండి. ఒక్కో చెట్టు కాయను ఒక్కో సంచిలో పోసి, చెట్టు సంఖ్య, ఊరు, తేదీ రాసిన చీటీ లోపలొకటి, బయటొకటి పెట్టాలి.

చెట్టు మీద తేనెపట్టు ఉంటే పొగపెట్టి తరిమేయకండి. వచ్చే ఏడాది కాయ ఆ ఈగల చేతిలోనే ఉంది.

కాయ కోత, గింజ పరీక్ష

పూత వేసవిలో వస్తే, కాయ ముదిరేది మరుసటి చలికాలం చివరికి. జనవరి నుంచి మార్చి లోపు పచ్చదనం పోయి గోధుమరంగు తిరిగాక కోయాలి. కింద గుడ్డ పరిచి కొమ్మ ఊపితే ముదిరినవే రాలుతాయి. కొమ్మలు నరకకండి. నేల మీద పడి ఎన్నాళ్లయిందో తెలియని కాయలో పురుగు చేరి ఉంటుంది.

కాయ నాలుగైదు సెంటీమీటర్ల బిళ్ల. చుట్టూ కాగితం లాంటి రెక్క, మధ్యలో ఉబ్బు. ఆ ఉబ్బులో సాధారణంగా ఒకే గింజ, అరుదుగా రెండు. కాయను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి ఉబ్బును గట్టిగా నొక్కండి. రాయిలా ఎదురు తిరిగితే గింజ ఉంది, మెత్తగా లోపలికి పోతే తాలు. అనుమానం ఉంటే ప్రతి సంచి నుంచి ఇరవై కాయలు తీసి కత్తెరతో అడ్డంగా కోసి చూడండి. లోపల తెల్లగా, నిండుగా కనిపించినవి ఎన్నో లెక్కపెడితే మొలక ఎంత ఆశించవచ్చో అక్కడే తెలిసిపోతుంది.

నీడలో ఆరబెట్టి, గుడ్డసంచిలో, గాలి ఆడే చోట ఉంచండి. ఏడాది దాటిన గింజలో మొలక శక్తి బాగా పడిపోతుంది. వీలైతే ఆ వేసవికే నారు పోసేయండి.

నారుమడి

గింజను కాయలోంచి తీయడానికి ప్రయత్నించకండి, దెబ్బతింటుంది. కత్తెరతో రెక్క మాత్రం కత్తిరించి, ఉబ్బు భాగాన్ని పలుచని పేడనీళ్లలో 72 గంటలు నానబెట్టాలి. పేడ దొరక్కపోతే మామూలు చల్లనీళ్లలో రోజూ నీళ్లు మారుస్తూ అంతే సేపు నానబెట్టండి. ఏమీ చేయకుండా విత్తితే మొలక సగం కూడా రాదు. ఇంత చేసినా నూటికి యాభై, అరవై మొలిస్తే బాగా వచ్చినట్టే.

మడికి ఇసుక పాలు ఎక్కువ ఉండాలి. కాయను పడుకోబెట్టి, పైన వేలి మందం మట్టి కప్పి, ఎండుగడ్డి పరచి, పూలచెంబుతో పొద్దునా సాయంత్రం తడపండి. రెండు వారాల తర్వాత మొలకలు మొదలై నెలన్నర దాకా ఒకటొకటిగా వస్తూనే ఉంటాయి. అన్నీ ఒకేసారి రాలేదని మడిని తవ్వేయకండి. తడి మరీ ఎక్కువైతే మొలక కాడ నేల దగ్గర కుళ్లి వాలిపోతుంది. అప్పుడు మందు కోసం పరుగెత్తే ముందు నీళ్లు తగ్గించి గాలి, వెలుతురు తగలనివ్వాలి.

రెండు నుంచి నాలుగు ఆకులు విచ్చాక సంచుల్లోకి మార్చండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు సరిపోతాయి. పాత ఎర్రచందనం చెట్టు మొదట్లోని మట్టి కొంచెం దొరికితే ఈ మిశ్రమంలో కలపండి. చిక్కుడు జాతి వేళ్లకు బుడిపెలు పట్టించే సూక్ష్మజీవులు ఆ మట్టిలో ఉంటాయి. మొదటి నెల పలుచని నీడ, ఆ తర్వాత క్రమంగా ఎండ. ఇది ఎండను కోరే చెట్టు, నీడలో పెంచిన మొక్క పొలంలో తట్టుకోలేదు. నెలకోసారి సంచుల చోటు మార్చాలి, లేకపోతే తల్లివేరు సంచి చీల్చుకుని నేలలోకి దిగుతుంది, లాగేటప్పుడు తెగుతుంది.

సంచి మీద తల్లిచెట్టు సంఖ్య రాయడం ఇక్కడే మానేస్తారు చాలామంది. మానకండి.

కొమ్మ నాటి వేళ్లు పట్టించడం దీనిలో కష్టం. మంచి తల్లిచెట్టు కొమ్మను ఏడాది మొక్క మీద అంటు కట్టడం అనుభవజ్ఞులు చేయగలరు. విత్తన తోటలకు అది పనికొస్తుంది. జాతి పరిరక్షణకు మాత్రం గింజ మొక్కే ప్రాణం, ఎందుకంటే అంటు మొక్కలన్నీ ఒకే చెట్టుకు ప్రతులు.

నాటడం

ఏడాది వయసు మొక్క అయితే బతికే అవకాశం ఎక్కువ. వేసవిలోనే 45 సెంటీమీటర్ల ఘనపు గుంతలు తీసి ఎండనివ్వండి. మంచి వాన పడి నేల జానెడు లోతు తడిసిన తర్వాత నాటండి. తిరుపతి, రైల్వేకోడూరు, నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వాన పెద్దది కాబట్టి ఆగస్టు, సెప్టెంబరులో నాటినా మొక్క కుదురుకుంటుంది. మిగతా రాయలసీమలో జులై మంచిది.

నాలుగు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు సుమారు 250 మొక్కలు పడతాయి. మూడు మీటర్లకు కుదిస్తే 450 పడతాయి కానీ తర్వాత పలచన చేయక తప్పదు. నా సలహా: ప్రతి నాలుగైదు ఎర్రచందనాలకు ఒక బిళ్ళు, ఒక నారేపి, ఒక తెల్లకరక కలపండి. ఒకే తల్లి పిల్లలను పక్కపక్కన పెట్టకండి, సంఖ్యలు చూసి కలగాపులగం చేయండి. రేపు అవి పూసినప్పుడు దూరపు చెట్టు పుప్పొడి అందాలంటే ఇదే మార్గం.

ఏటవాలు నేలలో మొక్కకు దిగువన అర్ధచంద్రాకారంలో రాళ్లకట్ట వేయండి. పైనుంచి వచ్చే నీరు ఆగి ఇంకుతుంది. నల్లరేగడిలో, చెరువు కింది చవుడులో, నీరు నిలిచే మాగాణిలో ఈ చెట్టు వద్దు. చెదల బెడద ఉన్న చోట గుంతలో గుప్పెడు వేపపిండి వేయండి.

మొదటి ఐదేళ్లు, ఆ తర్వాత ఓపిక

రెండు మూడు వేసవులు నీళ్లు పోస్తే చాలు. ఆ తర్వాత బిందుసేద్యం పెట్టి, ఎరువులు గుప్పించి పెంచాలనే తొందర ఈ చెట్టుకు పనికిరాదు. మాను లావెక్కుతుంది, లోపల ఉండేదంతా తెల్లచెక్కే. చేవ మెల్లగా పడుతుంది, రాతినేలలో కష్టపడి పెరిగిన చెట్టులోనే ముదురురంగులో పడుతుంది. కోతకు తగ్గ చేవ కావాలంటే పాతిక, ముప్ఫై ఏళ్లు లెక్కవేసుకోవాలి. పదేళ్లలో కోట్లు అని చెప్పి మొక్కలు అమ్మేవాళ్ల మాట నమ్మి పంటపొలం మొత్తం దీనికి ఇచ్చేయవద్దని రైతులను గట్టిగా కోరుతున్నాను. గట్లు, బీడు, గుట్ట వాలు దీనికి చాలు.

మొదటి మూడేళ్లు పక్క కొమ్మలను చిన్నగా ఉన్నప్పుడే పదునైన కత్తెరతో తీసి, మనిషి ఎత్తు దాటేదాకా ఒకే మాను ఉంచండి. ఒకేసారి సగం పందిరి నరికేయకూడదు. చేవ ఎంత పట్టిందో చూద్దామని మానుకు గాటు పెట్టడం, చెక్కు లేపడం పెద్ద తప్పు. ఆ గాయం నుంచే బూజు, పురుగు లోపలికి పోయి గుల్ల చేస్తాయి. చూసి తీరాలంటే సన్నని గొట్టంతో నమూనా తీసే పరికరం ఉంది, కలప శాస్త్రవేత్తల చేతనే తీయించండి. బెంగళూరులో కలప విజ్ఞాన, సాంకేతిక సంస్థ, కోయంబత్తూరులో అటవీ జన్యుశాస్త్ర సంస్థ ఇలాంటి పనిలోనే ఉన్నాయి.

చేవలో అలలు తిరిగిన చారలు అరుదుగా వస్తాయి. జపానులో షామిసెన్ అనే తంత్రీవాద్యానికి, చైనాలో రాజుల కాలం నుంచీ సామాన్లకు ఈ చెక్క కోసమే ఎగబడ్డారు. మన కొండకు వచ్చిన కష్టమంతా ఆ ఎగబాటులోంచే పుట్టింది.

కొండ మీద చేయగలిగింది

తోట పెట్టడం కంటే అడవిలో ఉన్నదాన్ని లేవనివ్వడం తేలిక, ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. నరికిన మొద్దు నుంచి, వేళ్ల నుంచి ఎర్రచందనం బాగా పిలకలు వేస్తుంది. అటవీశాఖ అనుమతితో వన సంరక్షణ సమితులు మూడు పనులు చేయవచ్చు. ఒక్కో మొద్దు మీద బలమైన పిలకలు ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేయడం. సహజంగా లేచిన మొలకల చుట్టూ కంపచెట్టు, లంటానా కొట్టి వెలుతురు ఇవ్వడం. మేకలు, గొర్రెలను రెండు మూడేళ్లపాటు ఆ చోటికి తోలకుండా కాపరులతో మాట్లాడి ఒప్పందం చేసుకోవడం. కాపరులను పక్కనపెట్టి చేసే కంచె ఎక్కువ కాలం నిలవదు.

అన్నిటికంటే పెద్ద శత్రువు మంట. కాయ రాలేది ఫిబ్రవరి, మార్చిలో. సరిగ్గా అప్పుడే బోదగడ్డి ఎండి నిప్పు కోసం ఎదురుచూస్తుంటుంది. పైభాగం కాలిన మొక్క వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది కానీ ఏటా కాలితే మోకాలెత్తు దాటదు, నేల మీది గింజ బూడిదే. 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలంలో రేగిన మంటలు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. జనవరి ముగిసేలోపు కాలిబాటల వెంట, మీ తోట చుట్టూ మూడు నుంచి ఐదు మీటర్ల వెడల్పున గడ్డి చెక్కి అగ్గిగీత తీయండి. పచ్చికొమ్మల చీపుళ్లు, నీళ్ల డబ్బాలు, ముందుగా అనుకున్న మనుషులు సిద్ధంగా ఉండాలి. మంట మొదలయ్యాక ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటే కొండ దాటిపోతుంది.

కాపలా, గుట్టు

పెద్ద చెట్టు కనబడితే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. ఫొటోలో చోటు వివరాలు దాగి ఉంటాయి, చూసేవాళ్లలో ఎవరున్నారో మనకు తెలియదు. తల్లిచెట్ల పట్టిక పుస్తకంలో రాసి ఒకరిద్దరి దగ్గరే ఉంచండి. కొత్త మనుషులు, రాత్రిపూట రంపం చప్పుడు, కొత్తగా తీసిన బాట గమనిస్తే మీరే ఎదురుగా వెళ్లకుండా అటవీ సిబ్బందికి, పోలీసులకు చెప్పండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్లు తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. గొడ్డలి పట్టేది ఎప్పుడూ పేదవాడే, డబ్బు చేరేది వేరొకరికి. కొండ చుట్టుపక్కల ఊళ్లలో విత్తన సేకరణ, నారుమళ్లు, అగ్గిగీతలు, కాపలా పనులు నాలుగు చేతులకు కూలి ఇస్తే, దళారి చేయి చాపే చోట్లు తగ్గుతాయి. నారు పోసే డబ్బు ఉన్న సంస్థలు ముందు ఆ ఊళ్ల ఆడవాళ్లకు ఈ పని నేర్పాలి.

కాగితాలు

నాటిన రోజునే మొదలుపెట్టండి. సర్వే సంఖ్య, మొక్కల లెక్క, విత్తనం ఎక్కడిది, కొన్న రశీదు, ఫొటోలు ఒక ఫైలులో ఉండాలి. అడంగల్‌లో (ఊరి భూమి, పంటల రికార్డు) చెట్లు నమోదు చేయించండి, అటవీశాఖకు రాతపూర్వకంగా తెలిపి అందినట్టు సంతకం తీసుకోండి. చెట్టు మీ పట్టా భూమిలోనిదే అయినా నరకడానికి అటవీ అధికారి అనుమతి, తరలించడానికి రవాణా పత్రం తప్పనిసరి. ఎర్రచందనం, గంధపు చెక్కల రవాణా నిబంధనలు 1969 నుంచే ఉన్నాయి. విదేశీ వ్యాపారం మీద సైట్స్ (ముప్పున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణ 1995 నుంచి ఉంది. ఎగుమతికి దారి దొరకాలంటే అది సాగుచేసిన చెట్టేనని రుజువు చూపాలి. ఇప్పుడు దాచిన రశీదు ముప్ఫై ఏళ్ల తర్వాత మీ పిల్లలకు ఉపయోగపడుతుంది. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2025లో ఆంధ్ర రైతులకు ఎర్రచందనం వ్యాపారంలో వాటా సొమ్ము పంచిందంటే, వాళ్ల చెట్లకు లెక్క ఉండబట్టే.

ఆ ఫైలులోనే ఒక పేజీ తల్లిచెట్లకు కేటాయించండి. ఏ సంఖ్య మొక్క తిన్నగా లేచింది, ఏది చెదలు పట్టి పోయింది, ఏది ముందు పూసింది అని ఏడాదికోసారి రాయండి. పూత మొదలయ్యాక ప్రతి తల్లి పిల్లల్లో బాగున్నవి ఎంచి, పసుపురంగు పట్టీ వేసి, వీటిని ఎప్పటికీ నరకకూడదని ఇంట్లో వాళ్లతో, సంఘంలో వాళ్లతో సంతకాలు పెట్టించండి. ఆ చెట్ల కాయను పక్క ఊరికి ఇచ్చేటప్పుడు చీటీ నకలు కూడా ఇవ్వండి.